వేలిముద్ర పడక స్కాలర్‌షిప్ ఆగింది: ఈపాస్‌తో నా అనుభవం

నిన్న సాయంత్రం ఈపాస్ అనే తెలంగాణ ప్రభుత్వ స్కాలర్‌షిప్ సైట్లో నా అప్లికేషన్ స్టేటస్ మారింది. కాలేజీలో వెరిఫికేషన్ అయిపోయింది, ఫైలు జిల్లా సంక్షేమ శాఖకు వెళ్ళింది. డబ్బు ఇంకా పడలేదు. అయినా గుండెల మీంచి బరువు దిగింది. కోపం మాత్రం దిగలేదు. అది చల్లారకముందే రాస్తున్నాను. చల్లారాక రాస్తే అందరినీ క్షమించేసి, అసలు చెప్పాల్సింది వదిలేస్తానని భయం.

సీటు వచ్చేదాకా నాకు ఏ ఇబ్బందీ లేదు. మాది ఖమ్మం జిల్లాలో పత్తి, మిర్చి వేసే ఊరు. ఇంటర్‌లో బైపీసీ చదివి, రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ రాసి, మంచి ర్యాంకు తెచ్చుకుని, బీఎస్సీ అగ్రికల్చర్‌లో రైతు కోటాలో చేరాను. నేను చేరేనాటికి తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో 40 శాతం సీట్లు ఈ కోటావే. ఒకటో తరగతి నుంచి ఇంటర్ లోపు కనీసం నాలుగేళ్ళు మునిసిపాలిటీ కాని చోట చదివి ఉండాలి, తల్లిదండ్రుల పేరు మీద కనీసం ఎకరం పొలం ఉండాలి అనేవి అప్పటి షరతులు. మా నాన్న పేరు మీద ఎకరం పైచిలుకు ఉంది, మిగతాదంతా కౌలే. మా ఊళ్ళో వ్యవసాయ డిగ్రీలో చేరిన మొదటి అమ్మాయిని నేనే. ఇది గొప్పగా చెప్పుకోవాల్సిన సంగతే, అందుకే చెప్పుకుంటున్నాను.

ఇక స్కాలర్‌షిప్. బీసీలకు పల్లెల్లో ఏడాది ఆదాయం లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు దాటకూడదు. ఎస్సీ, ఎస్టీలకు ఎక్కడైనా రెండు లక్షలే. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఒకటి, హాస్టల్ ఖర్చులకిచ్చే మెయింటెనెన్స్ ఒకటి, రెండూ ఒకే అప్లికేషన్ మీద వస్తాయి. కుల ధ్రువపత్రం ముందే ఉంది. ఆదాయ ధ్రువపత్రం తహసీల్దారు ఆఫీసు నుంచి అనుకున్నదానికన్నా తొందరగానే వచ్చింది. టెన్త్ హాల్‌టికెట్ నంబరు, ఆధార్, బ్యాంకు వివరాలు కొట్టి అప్లికేషన్ నింపడం ఒక్క పూటలో అయిపోయింది.

దాని తర్వాత మీసేవకు వెళ్ళి వేలిముద్ర వేయాలి. అది పడితేనే ప్రింటు తీసి కాలేజీలో ఇవ్వగలం. ఈ నిబంధన ఎందుకు పెట్టారో నాకు తెలుసు. లేని విద్యార్థుల పేరుతో ఫీజులు కాజేయకుండా ఉండడానికి. దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఉన్న విద్యార్థి ఎదురుగా నిలబడితే లేనట్టు చూడడం తప్పు.

అగ్రికల్చర్ కౌన్సెలింగ్ ఆలస్యంగా జరుగుతుంది. అది అయ్యి, కాలేజీలో చేరి, అప్లికేషన్ పెట్టే వేళకు మా దగ్గర పత్తి ఏరడం మొదలైపోయింది. సెలవులకు ఇంటికొచ్చి అమ్మతో పాటు చేలోకి దిగాను. పత్తి ఏరిన వాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. విచ్చుకున్న కాయ కొసలు ఎండి వాడిగా ఉంటాయి. దూది లాగిన ప్రతిసారీ బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు వాటికి గీసుకుంటాయి. గోటి పక్క చర్మం లేచిపోతుంది. వారం తిరిగేసరికి వేళ్ళ కొసలు నున్నగా, గట్టిగా అయిపోతాయి, మధ్యలో సన్నటి పగుళ్ళు. ఏరేవాళ్ళకు కిలోకి ఇంతని కూలి ఇవ్వాలి, అందుకే ఇంట్లో మనిషి దిగితే ఆ డబ్బు మిగులుతుంది. నేను ఊరికే కూర్చోవడానికి లేదు.

ఆ వేళ్ళతోనే మా మండలంలో ఒక మీసేవ సెంటర్‌కు వెళ్ళాను. నాన్న కూడా వచ్చారు. యంత్రం మీద కుడి బొటనవేలు పెట్టమన్నారు. ఎర్ర లైటు వెలిగింది, ఆరింది. స్క్రీన్ మీద 300 అని ఎర్రర్. వేలిముద్ర ఆధార్‌లో ఉన్నదానితో సరిపోలలేదని దానర్థం. మళ్ళీ పెట్టమన్నారు, గట్టిగా నొక్కమన్నారు, చూపుడువేలు పెట్టమన్నారు. అదే 300. వెనక లైన్లో జనం పెరుగుతున్నారు. కంప్యూటర్ ముందున్నాయన నా మొహం, ఆధార్ కార్డు మార్చి మార్చి చూసి అందరికీ వినపడేలా అడిగాడు:

"ఈ ఆధార్ నీదేనా అమ్మాయ్?"

నాదే సార్ అన్నాను. పదిహేనేళ్ళు నిండినప్పుడు చేయించాల్సిన బయోమెట్రిక్ అప్‌డేట్ కూడా చేయించానని చెప్పాను. నాన్న ముందుకొచ్చి, "మా అమ్మాయే సార్, పత్తి ఏరుతోంది, వేళ్ళు అరిగినయ్" అన్నారు. అప్పుడా మనిషి నా చెయ్యి కేసి చూసి అన్న మాట నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

"కూలికి పోయేదానికి అగ్రికల్చర్ బీఎస్సీ ఎందుకయ్యా? ముందు పని మానిపించు, చేతులు బాగయినాక తీసుకురా."

నాన్న ఏమీ అనలేదు. ఆయనకు ఆఫీసుల్లో మాట పడడం అలవాటు. నాకు అలవాటు లేదు. నేను గట్టిగానే చెప్పాను, చదవాలనుకున్నదే ఆ చేలో పని చేసిన తర్వాత అని. మా నాన్న రెండేళ్ళ కింద గులాబీరంగు పురుగు వల్ల సగం పంట పోగొట్టుకున్నారు. 2002లో బీటీ పత్తి మన దేశంలోకి వచ్చినప్పుడు కాయతొలుచు పురుగు బెడద తీరిపోయినట్టేనన్నారు. గులాబీరంగు పురుగు ఆ విత్తనానికి లొంగకుండా మారిపోయింది, రైతుకు ఆ సంగతి చెప్పే మనిషి మాత్రం చేలోకి రాలేదు. నేను వ్యవసాయాధికారినై చేలోకి వెళ్ళాలనుకున్నది అందుకు. ఆ కంప్యూటర్ ముందున్నాయన వినలేదు. "నెక్స్ట్" అన్నాడు. లైన్లో మా ఊరివాళ్ళు ఇద్దరున్నారు. సాయంత్రానికి ఊళ్ళో మాట పాకింది, నా స్కాలర్‌షిప్ దొంగ ఆధార్ వల్ల ఆగిందని.

తర్వాత అందరూ చెప్పినవన్నీ చేశాను. గోరువెచ్చని నీళ్ళలో చేతులు నానబెట్టాను, రాత్రి కొబ్బరినూనె రాశాను, నిమ్మకాయతో రుద్దాను. నిమ్మకాయ మాత్రం ఎవరూ రుద్దకండి, పగుళ్ళలో మంట తప్ప ఏమీ లేదు. మళ్ళీ అదే సెంటర్‌కు వెళ్తే మళ్ళీ అవే రెండు వేళ్ళు, మళ్ళీ అదే ఎర్రర్. కంటిపాపను చూసి గుర్తుపట్టే ఐరిస్ యంత్రం ఉందా అని అడిగితే పనిచేయడం లేదన్నారు. అటుపక్క చివరి తేదీ దగ్గరపడుతోంది. ఆ రోజుల్లో ఇంట్లో అమ్మ నన్ను చేలోకి రానివ్వలేదు. ఆమె ఒక్కతే ఏరుతుంటే గట్టు మీద కూర్చున్నాను. అంతకన్నా కష్టమైన పని నేను చేయలేదు.

దారి చూపించింది హాస్టల్లో ఒక సీనియర్ అక్క. వాళ్ళది కూడా పత్తి ఊరే. "మండలంలో కొట్టుకోవద్దు, ఖమ్మం వెళ్ళు. పది వేళ్ళూ పెట్టి చూడమని అడుగు, రెండు వేళ్ళతో వెనక్కి రాకు" అంది. ఇంకో సంగతి కూడా ఆమే చెప్పింది. వేలిముద్ర పడలేదని సంక్షేమ పథకం ఆపకూడదని, ఐరిస్, ఓటీపీ లాంటి వేరే దారులు చూడాలని ఆధార్ సంస్థే 2017 అక్టోబరులో సర్క్యులర్ ఇచ్చిందట. ఆమె ఫోన్లో చూపించాక చదివాను, నిజంగానే ఉంది. మా మండలంలో ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి ఇది తెలియకపోవడం వల్ల ఎంతమంది పింఛన్లు, ఎంతమంది రేషన్ ఆగి ఉంటాయో.

ఖమ్మంలో నేను వెళ్ళిన మీసేవ సెంటర్లో ఒక ఆవిడ ఉన్నారు. ముందు యంత్రం అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచారు. మా మండలంలో ఆ పని ఎవరూ చేయలేదు. నా చేతులు రెండూ వెల్లకిలా పెట్టించి చూశారు. "పత్తా, మిరపా?" అని అడిగారు. పత్తి అన్నాను. "అయితే కుడిచేయి వదిలెయ్. ఎడమచేతి ఉంగరపు వేలు పెట్టు. నొక్కకు, ఊరికే ఆనించు." పత్తి లాగేది బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళే కదా, ఉంగరపు వేలికి అంత రాపిడి ఉండదు. మొదటిసారి పడలేదు. ఆవిడ తడిగుడ్డతో నా వేలు తుడిచి, ఆరనిచ్చి, మళ్ళీ పెట్టమన్నారు. పడింది. ప్రింటు చేతికొచ్చింది. అంత సులువైన పనికి నన్ను దొంగను చేశారు.

ఆవిడకు దండం పెట్టాను. ఆవిడ, "చదువుకో తల్లీ" అని తర్వాతి మనిషిని పిలిచారు.

కాలేజీలో కాగితాలు ఇవ్వడం, ఒరిజినల్స్ చూపించడం ఒక గంట పని. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు ఉందో లేదో ముందే చూసుకోండి, మెయింటెనెన్స్ డబ్బు ఆధార్‌కు ముడిపడ్డ ఖాతాలోకే వస్తుంది. టెన్త్ మెమోలో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉండాలి, ఇంటిపేరు దగ్గర ఒక్క అక్షరం తేడా వచ్చినా తర్వాత తిప్పుతారు. హాజరు 75 శాతం తగ్గకూడదు. వీటన్నిటికీ కాలేజీ నోటీసు బోర్డులో కాగితాలుంటాయి, నేను మళ్ళీ రాయను.

వేరే రాష్ట్రం వెళ్ళి చదవాలనుకునేవాళ్ళకు ఒక మాట. ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) కోటాలో సీటు తెచ్చుకుని బయటి రాష్ట్రంలో చేరితే నేషనల్ టాలెంట్ స్కాలర్‌షిప్ ఉంది, డిగ్రీలో నెలకు 3,000, పీజీలో 5,000. మా వైపు ఊళ్ళలో దాని పేరు కూడా తెలియదు. మాకు ఇంటర్‌లో ఒక్క లెక్చరరూ చెప్పలేదు. నీట్ రాని పిల్లల చదువుగానే అగ్రికల్చర్‌ను చూశారు వాళ్ళు. నేను మొదటి నుంచీ ఇదే కావాలనుకున్నానని చెబితే నమ్మినవాళ్ళు లేరు.

పత్తి, మిరప, పసుపు పనులకు వెళ్ళే పిల్లలు మాత్రం ఇది గుర్తుపెట్టుకోండి. మీసేవకు వెళ్ళే ముందు వారం కుడిచేతికి పాత గుడ్డ చుట్టుకుని పని చేయండి. నూనె రాత్రి రాయండి, పొద్దున కాదు, జిడ్డు చేత్తో యంత్రం ముద్ర తీసుకోదు. ఎడమచేయి చిటికెన, ఉంగరపు వేళ్ళతో మొదలుపెట్టమనండి. అస్సలు ఏ వేలూ పడకపోతే ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు మళ్ళీ ఇవ్వండి. కానీ అప్‌డేట్ అవడానికి నెల దాకా పట్టొచ్చు, చివరి తేదీ లెక్క చూసుకుని వెళ్ళండి. నా ఎర్రర్ ప్రింటు తీసి ఇవ్వమని నేను అడిగాను, మండలంలో ఇవ్వలేదు. మీరు కనీసం స్క్రీన్‌ను ఫోన్లో ఫొటో తీసుకోండి, కాలేజీలో చూపించడానికి పనికొస్తుంది.

మా బ్యాచ్‌లో ఇద్దరికి ఇంకా వేలిముద్ర పడలేదు. ఒకమ్మాయి మిరప చేలో పని చేస్తుంది, ఇంకొకతను వాళ్ళ నాన్నతో పాటు ఇటుక బట్టీలో. శనివారం ఇద్దరినీ ఖమ్మం తీసుకెళ్తున్నాను, ఆ ఆవిడ ఉండే వేళకు.