మా పాప రక్తంలో సీసం: నా అనుభవం

వరంగల్‌లో పద్నాలుగేళ్లుగా బ్యాటరీల షెడ్డు నడుపుతున్నాను. ఆటో, ట్రాక్టర్, ఇన్వర్టర్ ఏదైనా సరే, పాత బ్యాటరీ మూత కోసి, పాడైన సెల్ బయటికి తీసి, పలకలు మార్చి, అరిగిన టెర్మినల్‌కు సీసం కరిగించి పోస్తాను. ఎండిన పలకను తడితే బూడిదరంగు పొడి రాలుతుంది. యాసిడ్ అంటే అందరం భయపడతాం, చేయి కాలుతుంది కాబట్టి. ఆ పొడికి భయపడాలని నాకు పని నేర్పిన మేస్త్రీ కూడా ఎన్నడూ చెప్పలేదు.

పాపకు మూడున్నరేళ్లు ఉన్నప్పుడు కడుపునొప్పి మొదలైంది. పొట్ట పట్టుకుని మెలికలు తిరిగేది. మూడు రోజులకు ఒకసారి గానీ విరేచనం అయ్యేది కాదు. అన్నం వదిలేసి గోడ సున్నం గోకి తినేది. నులిపురుగులనుకుని అంగన్‌వాడీలో ఇచ్చిన ఆల్బెండజోల్ మాత్ర వేశాం. మా అమ్మ దిష్టి తీసింది. ఒక ఆసుపత్రిలో హిమోగ్లోబిన్ 8.6 ఉందని ఐరన్ సిరప్ రాసిచ్చారు. మూడు నెలలు తాగించినా 9 దాటలేదు. అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది ఇంకొకటి. అంతకుముందు గలగలా మాట్లాడే పిల్ల, మాటలు తగ్గించి ఊరికే చిరాకు పడేది.

మేం కలిసిన మూడో డాక్టరు పాపకంటే ముందు నా చేతులు చూశారు. గోళ్ల సందుల్లో నలుపు. "మీరు ఏం పని చేస్తారు?" అని అడిగారు. అన్ని నెలలు తిరిగినా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. చెప్పగానే సిరప్ గురించి మాట్లాడటం ఆపి, రక్తంలో సీసం పరీక్ష రాశారు.

ఇక్కడి ల్యాబులో రక్తం తీసుకుని హైదరాబాద్ పంపారు. ఆరు రోజులకు కాగితం వచ్చింది. డెసిలీటరుకు 23 మైక్రోగ్రాములు. నాది కూడా చేయించమన్నారు, 38 ఉంది. పిల్లల రక్తంలో 5 ఉన్నా అది ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిందట. అసలు ఇంత వరకు ఉంటే పరవాలేదు అనే అంకె లేనే లేదట.

"మందు లేదా మేడమ్?" అని అడిగాను.

"ఉంది. కానీ మామూలుగా 45 దాటిన పిల్లలకే ఇస్తారు. మీ పాపకు మందు, ఆ సీసం వచ్చే దారి మూసేయడమే" అన్నారు.

మింగిన సీసంలో పెద్దవాళ్ల ఒంటికి పట్టే దానికి నాలుగైదు రెట్లు పిల్లల ఒంటికి పడుతుందని, ఐరన్, కాల్షియం తక్కువైతే ఇంకా ఎక్కువ పడుతుందని ఆమె వివరించారు. ఒంట్లో చేరిన సీసం రక్తం తయారు కానివ్వదు. రక్తం తక్కువైన పిల్ల మట్టీ సున్నం తింటుంది, దాంతో మళ్లీ సీసం లోపలికి పోతుంది. 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో 80 కోట్ల మంది పిల్లల రక్తంలో 5 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉందట. అందులో మన దేశం పిల్లలు 27 కోట్ల పైనే. ఆ లెక్క విన్నా నాకు మాత్రం నా చేతులే కనిపించాయి.

ఆ రోజు నుంచి షెడ్డు బట్టలు షెడ్డులోనే విప్పుతున్నాను. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, ఇంటికి రాగానే తలస్నానం చేసి గానీ పాపను ఎత్తుకోవడం లేదు. నా బట్టలు విడిగా ఉతుకుతున్నాం. చీపురుతో ఊడిస్తే పొడి లేస్తుందని ఇల్లంతా తడిబట్టతో తుడుస్తున్నాం. ఆకుకూరలు, గుడ్డు, పాలు, నిమ్మరసం పెడుతున్నాం.

నెల తర్వాత మళ్లీ పరీక్ష. 22.

నా భార్య ఆ కాగితం చూసి వంటగదిలో కూర్చుని ఏడ్చింది. మేం ఏం తప్పు చేస్తున్నామో అర్థం కాలేదు. డాక్టరు చెబితే మా ఆరోగ్య కేంద్రం ఏఎన్‌ఎం అక్క ఇంటికి వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. పాప ఎక్కడ పడుకుంటుంది, ఎక్కడ ఆడుతుంది, ఏం నోట్లో పెట్టుకుంటుంది అని అడుగుతూ ఇల్లంతా తిరిగారు. నా బండి దగ్గర ఆగారు. షెడ్డులో రోజంతా నిలబెట్టే బండి అది. సాయంత్రం పాప ఆ ట్యాంకు మీద కూర్చుని, హ్యాండిల్‌కు నోరు ఆనించి ఆడేది. తర్వాత పెరట్లోకి వెళ్లి, "తమ్ముడూ, ఈ కొత్తిమీర దేంట్లో వేశారు?" అన్నారు.

ఖాళీ బ్యాటరీ డబ్బాల్లో. గట్టిగా ఉంటాయి, ఎండకు పగలవు అని నేనే నాలుగు తెచ్చాను. ఆకుకూర పెట్టమన్నారని నా భార్య రోజూ ఆ కొత్తిమీరతోనే పచ్చడి నూరింది. మొక్క పీల్చుకునేదానికంటే ఆకులకు అంటిన మట్టితోనే ఎక్కువ ప్రమాదమని, పాప చెంచాతో తవ్వి ఆడుకునే మట్టి కూడా అదేనని అక్క చెప్పారు. ఆమె దగ్గరుండి ఆ డబ్బాలు మట్టితో సహా మూటగట్టించారు. ఎంతో ప్రేమగా పెంచిన మొక్కలు. ఆ పూట మా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

మూడు నెలలకు 16 వచ్చింది, మరో ఆరు నెలలకు 10. అంతకంటే తొందరగా దిగదట, ఎముకల్లో చేరిన సీసం మెల్లమెల్లగా రక్తంలోకి వస్తూనే ఉంటుంది. హిమోగ్లోబిన్ 11 అయింది. సున్నం గోకడం మానేసింది.

మా వరుసలో ఐదు షెడ్లు ఉన్నాయి. అక్క ఒక్కరే వెళ్తే, తమ పని మాన్పించడానికి వచ్చారని యజమానులు తలుపు దగ్గరే మాట్లాడి పంపేశారు. రెండోసారి నేను కూడా వెళ్లాను. మా పాప కాగితాలన్నీ తీసుకెళ్లి వరుసగా బల్ల మీద పరిచాను. పని మానమనలేదు. ప్రతి షెడ్డుకు ఒక కుళాయి, సబ్బు, విడి బట్టలు పెట్టమన్నాను. సీసం కరిగించేటప్పుడు పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వొద్దన్నాను. పాత బ్యాటరీలు పగలగొట్టి అమ్మకుండా కంపెనీ డీలరుకే తిరిగి ఇవ్వమన్నాను. 2022 నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే. ఇంట్లో బ్యాటరీ డబ్బాలు ఏం చేస్తున్నారని అడిగితే ఇద్దరు తల దించుకున్నారు. ఒకరి ఇంట్లో తులసి, ఇంకొకరి ఇంట్లో కోళ్లకు నీళ్లు.

నలుగురు ఒప్పుకున్నారు, పిల్లలకు పరీక్షలు కూడా చేయించారు. ఐదో షెడ్డు యజమాని ఇంకా కుళాయి పెట్టించలేదు. ఆయన పిల్లల్లో ఒకరికి రెండేళ్లు, ఇంకొకరికి నాలుగు. ఆదివారం మళ్లీ వెళ్తున్నాం. ఈసారి నా భార్య కూడా వస్తానంది, వాళ్ల ఇంటావిడతో మాట్లాడటానికి.