నాపోక్లులో ఇంటిపేర్ల హాకీ

కూర్గ్ అనగానే మనవాళ్లకి కాఫీ తోటలు, అబ్బీ ఫాల్స్, పొగమంచు ఇవే గుర్తొస్తాయి. 2024 ఏప్రిల్‌లో నేను మడికేరి వెళ్లింది కూడా వాటికోసమే. కానీ హోమ్‌స్టే అంకుల్ పొద్దున్నే కాఫీ ఇస్తూ, ఈరోజు మావాళ్ల హాకీ మ్యాచ్ ఉంది, ఫాల్స్ రేపు చూసుకోవచ్చు, నాపోక్లు వచ్చెయ్యండి అన్నారు. మావాళ్లు అంటే మడికేరి టీమ్ అనుకున్నా. కాదట, వాళ్ల కుటుంబం టీమ్!

అక్కడికెళ్లాక గానీ సంగతి అర్థం కాలేదు. ఇది కూర్గ్‌లోని కొడవ అనే సముదాయం వాళ్లు కుటుంబాల వారీగా ఆడుకునే హాకీ పోటీ, ఆ సంవత్సరం 360 కుటుంబాలు టీమ్‌లు దించాయి. కొడవల్లో ఒకే మూలపురుషుడి నుంచి వచ్చిన వాళ్లందరినీ కలిపి 'ఒక్క' అంటారు (కొడవ మాటలో వంశం అని), ఆ వంశం పేరే ఇంటిపేరు, మనలాగే పేరుకి ముందు పెట్టుకుంటారు. టీమ్ కూడా ఆ పేరుతోనే, వేరే ఇంటిపేరు ప్లేయర్‌ని డబ్బిచ్చి తెచ్చుకుందాం అంటే కుదరదు, ఇంట్లో ఎవరుంటే వాళ్లే ఆడాలి. 1997లో పాండండ కుట్టప్ప గారు కరడ అనే ఊళ్లో 60 టీమ్‌లతో దీన్ని మొదలుపెట్టారు, ఉద్యోగాలకని చెల్లాచెదురైన కుటుంబాలు ఏడాదికోసారైనా ఒకచోట చేరాలన్నది ఆయన ఆలోచన. ప్రతి ఏడాదీ ఒక కుటుంబం నడిపిస్తుంది, కప్పు కూడా వాళ్ల పేరు మీదే, ఆ ఏడాది కుండ్యోళండ కప్. మధ్యలో వరదలు, కోవిడ్ వల్ల కొన్నేళ్లు ఆగిపోయి 2023లో మళ్లీ మొదలైంది.

నేను చూసిన మ్యాచ్ గురించి చెప్పాలి. ఒక టీమ్‌లో డిఫెన్స్‌లో తెల్ల జుట్టు పెద్దాయన, ఆయన ముందు మిడ్‌ఫీల్డ్‌లో జడ వేసుకున్న అమ్మాయి, స్కూల్ పిల్లే అయ్యుంటుంది. అవును, ఆడా మగా ఒకే టీమ్‌లో ఆడతారు, తాతా మనవరాలూ కలిసి ఆడినా ఎవరికీ వింత కాదు. పెద్దాయన పరిగెత్తట్లేదు, నిలబడిన చోటే స్టిక్ నేలకి ఆనించి బాల్ వచ్చే దారి మూసేసి, ఆగిన బాల్‌ని చిన్నగా ఆ అమ్మాయి వైపు నెట్టారు. ఆ పిల్ల ఎదురుగా వచ్చిన కుర్రాణ్ణి దాటుకుని బాల్‌ని రైట్‌కి కొట్టేసరికి మా వెనకాల కూర్చున్న ఆడవాళ్లంతా లేచి నిలబడి ఒకటే అరుపులు, నేనైతే ఎవరివైపో కూడా మర్చిపోయి చప్పట్లు కొట్టేశా.

కొడగు, అంటే కూర్గ్ జిల్లా, మొత్తం జనాభా 2011 లెక్కల్లో ఐదున్నర లక్షలు, మన దగ్గర ఒక మాదిరి సిటీ అంత కూడా ఉండదు. అలాంటి చోటు నుంచి 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో బ్రాంజ్ గెలిచిన టీమ్‌లో ఆడిన ఎం.పి. గణేశ్, బి.పి. గోవింద, 1980 మాస్కోలో గోల్డ్ గెలిచిన ఎం.ఎం. సోమయ్య వచ్చారు. ఎలా అని ఇక ఎవర్నీ అడగక్కర్లేదు నాకు. ఇక్కడ పిల్లలకి హాకీ అకాడమీ కంటే ముందే చిన్నాన్నల దగ్గర, మేనత్తల దగ్గర పరిచయమవుతుంది, బాగా ఆడితే ఇంటిపేరు నిలబడుతుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇది. మనం క్రికెట్‌లో సిటీ పేరున్న టీమ్‌కి జై కొడతాం, బాగుంటుంది, కాదనను, కానీ అందులో మన ఊరివాళ్లు ఎంతమంది? ఇక్కడ గ్రౌండ్‌లో ఉన్నోళ్లూ గ్యాలరీలో ఉన్నోళ్లూ ఒకే పెళ్లికి వచ్చిన చుట్టాల్లా ఉన్నారు. మేము కొడవలం అని వేరే చెప్పుకోవాల్సిన పనే కనపడలేదు, వీపు మీద ఇంటిపేరు చాలు. మా అంకుల్ వాళ్లు ఓడిపోయారు, ఆయనకి బాధేసింది, దాచుకోలేదు కూడా, కానీ గెలిచిన కుటుంబం పెద్దల్ని వెతుక్కుంటూ వెళ్లి మరీ చెయ్యి కలిపి, నన్ను మా తెలుగు చుట్టం అని పరిచయం చేశారు.

వెళ్లాలనుకునేవాళ్లు ఏప్రిల్‌లో ప్లాన్ చేసుకోండి. నడిపే కుటుంబంతో పాటు ఊరూ మారుతుంటుంది కాబట్టి ఆ ఏడాది ఎక్కడో ముందే కనుక్కోండి, ఎండ గట్టిగానే ఉంటుంది, టోపీ మాత్రం మర్చిపోవద్దు.