చిన్నాన్న చెప్పినవి అబద్ధాలు కావు

నిరుడు మార్గశిరంలో ఒక ఉదయం, ఆసుపత్రి మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్న మా చిన్నాన్న, తాను ఆ పొద్దునే నెల్లూరు నుంచి వచ్చి రైలు దిగానని, రాత్రి మా పెద్దత్త ఇంట్లో చేపల పులుసుతో కడుపునిండా భోంచేశానని, మూలాపేట గుడి దగ్గర పాత స్నేహితుడొకడు కనిపించి మాటల్లో పెడితే రైలు తప్పినంత పనయిందని నాకు ఎంతో ఇష్టంగా చెప్పారు. అప్పటికి ఆయన ఆ మంచం ఎక్కి 11 రోజులు. పెద్దత్త పోయి ఆరేళ్ళు. పక్కనే నిలబడి వింటున్న చిన్నమ్మ, "తాగుడు మానినా ఈయన అబద్ధాలు మానలేదు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయింది.

ఆయన బెంగళూరు బాణసవాడిలో పాతికేళ్ళకు పైగా టైలరింగు షాపు నడుపుతున్నారు. మందు అలవాటు అంతకంటే పాతది. మొదట్లో రాత్రిపూట ఒక క్వార్టరుతో సరిపోయేది. తరువాత మధ్యాహ్నం ఒక నైంటీ తోడైంది. ఆ తరువాత పొద్దున చేతులు వణకకుండా ఉండడానికని మరో నైంటీ వచ్చి చేరింది. ఇంట్లో అందరం ఆ లెక్కే చూసేవాళ్ళం. ఎన్ని తాగారు, ఎక్కడ తాగారు, డబ్బు ఎవరిచ్చారు అని గొడవ పడేవాళ్ళం. ఏం తిన్నారని మాత్రం మాలో ఎవరూ అడగలేదు. అడిగింది ఒక్కరే. షాపు పక్కన ఇస్త్రీ బండి పెట్టుకున్న కన్నడ పెద్దాయన రోజూ మధ్యాహ్నం "ఊట ఆయ్తా?" అనేవారు. భోజనమైందా అని ఈ ఊరి పలకరింపు. చిన్నాన్న తల ఎత్తకుండానే "ఆయ్తు" అనేవారు. చిన్నమ్మ పంపిన క్యారియరులోని అన్నం వీధి కుక్కలకు పోయేదని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇక్కడ చిన్న లెక్క చెప్పాలి. మన దేశంలో అమ్మే విస్కీ, బ్రాందీలలో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాలు ఉంటుంది. అంటే 180 మిల్లీలీటర్ల క్వార్టరులో సుమారు 60 గ్రాములు. ఆల్కహాలు గ్రాముకు 7 క్యాలరీలు ఇస్తుంది కాబట్టి ఒక క్వార్టరు కడుపులో పడితే 420 క్యాలరీల దాకా అందుతాయి. ఆకలి చచ్చిపోతుంది, అన్నం తిన్నంత పనీ అవుతుంది, కానీ అందులో మాంసకృత్తులు లేవు, విటమిన్లు లేవు. పైగా బి1 విటమిన్‌ను, అంటే థయామిన్‌ను, పేగులు పీల్చుకోకుండా, కాలేయం దాచుకోకుండా చేయడంలో ఆల్కహాలుకు ప్రత్యేకమైన నేర్పు ఉంది. మగవాళ్ళకు రోజుకు కావలసింది 1.2 మిల్లీగ్రాములే. అయితే ఒంట్లో దాని నిల్వ కూడా 30 మిల్లీగ్రాములకు మించదు. బయటి నుంచి అందకపోతే రెండు మూడు వారాలలో ఆ నిల్వ అడుగంటుతుంది.

కార్తీకంలో చిన్నాన్న అయ్యప్ప మాల వేసుకున్నారు. 41 రోజులు చుక్క ముట్టననడంతో ఇల్లంతా పండగ చేసుకుంది. మొదటి రోజు సాయంత్రానికే చేతులు వణకడం, చెమటలు, వాంతులు మొదలయ్యాయి. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే తొలి 24 గంటల్లో వణుకు, రెండు రోజుల్లోపు ఫిట్లు, రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా మతిభ్రమ రావచ్చునని, అందుకే ఆ మానడం వైద్యుల కనుసన్నల్లో జరగాలని అప్పుడు మాకు తెలియదు. దీక్ష చేసే దేహశుద్ధి అనుకున్నాం. ఒంటిపూట బిక్ష నియమం ఉంది, ఆ ఒక్క పూటా తిన్నది నిలిచేది కాదు. అయిదో రోజున సూదిలో దారం ఎక్కించబోతూ, "సూది రెండుగా కనిపిస్తోందిరా, కళ్ళద్దాలు మార్చాలి" అన్నారు. నేను కళ్ళ డాక్టరు దగ్గర సమయం కూడా తీసుకున్నాను. మర్నాడు కాళ్ళు ఎడంగా పెట్టి, గోడ పట్టుకుని నడిచారు. మాల వేసుకుని కూడా ఎక్కడో దొంగచాటుగా తాగి వచ్చారని చిన్నమ్మ అనుమానించింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నేనూ ఆయన నోరు వాసన చూశాను.

వీధి చివరి నర్సింగ్ హోమ్‌కు తీసుకెళితే నీరసమని చెప్పి గ్లూకోజు ఎక్కించారు. మనవాళ్ళకు ఆ సీసా మీద ఉన్న నమ్మకం ఇంతా అంతా కాదు, సీసా వేలాడదీయకపోతే వైద్యం జరిగినట్టే అనుకోము. రెండు రోజుల్లో అయిదు సీసాలు ఎక్కాయి. మూడో రోజు ఉదయానికి ఆయనకు నేనెవరో తెలియలేదు. కళ్ళు పక్కలకు తిరగడం లేదు, ఏదైనా చూస్తే కనుగుడ్లు అదురుతున్నాయి. అక్కడి నుంచి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. అత్యవసర విభాగంలోని యువ వైద్యురాలు చిన్నమ్మను మొదట అడిగిన ప్రశ్న ఎంత తాగుతారని కాదు, ఎన్నాళ్ళుగా సరిగ్గా తినడం లేదని.

ఆమె అనుమానించిన జబ్బు పేరు వెర్నికీ ఎన్‌సెఫలోపతీ. జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికీ 1881లో ముగ్గురు రోగులలో దీనిని వర్ణించాడు. వాళ్ళలో ఇద్దరు తాగుబోతులు. మూడో రోగి కుట్టుపని చేసుకునే యువతి, ఆమెకు తాగుడుతో సంబంధమే లేదు. ఆత్మహత్య చేసుకోబోయి గంధకామ్లం మింగి, ఆ తరువాత తిన్నదంతా వాంతి చేసుకుంటూ ఉండేది. ఈ సంగతి చదివినప్పుడు నాకు జబ్బు స్వరూపం అర్థమైంది. మెదడుకు థయామిన్ అందకపోవడమే దీనికి కారణం, తాగుడు దానికి ఒక దారి మాత్రమే. వేవిళ్ళు మితిమీరి వారాల తరబడి వాంతులయ్యే గర్భిణులకూ, బరువు తగ్గడానికి కడుపు ఆపరేషను చేయించుకున్నవారికీ ఇది రావచ్చు.

మన బరువులో మెదడు 2 శాతమే అయినా శరీరం ఖర్చు చేసే శక్తిలో అయిదో వంతు దానికే పోతుంది. గ్లూకోజును మండించి ఆ శక్తిని తీసే రసాయన క్రియలలో కీలకమైన కొన్నిటికి థయామిన్ లేనిదే కాలు కదలదు. అది లేనప్పుడు, ఎక్కువగా పనిచేసే భాగాలే ముందుగా దెబ్బతింటాయి. కనుగుడ్లను తిప్పే నాడీ కేంద్రాలు, నడకలో తూకం నిలిపే చిన్నమెదడు నడిమి భాగం, జ్ఞాపకాలను పదిలపరిచే దారిలో ఉన్న థాలమస్, మామిలరీ బాడీస్ అనే రెండు చిన్న బుడిపెలు. అలాంటి ఒంటిలోకి థయామిన్ లేకుండా గ్లూకోజు గుమ్మరించడమంటే, ఊదుగొట్టం దాచేసి పొయ్యి నిండా కట్టెలు కూరడమే, ఉన్న కాస్త నిల్వ కూడా దానికే ఖర్చయిపోతుంది. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతే గ్లూకోజు ఆపకూడదు. దానితోపాటు థయామిన్ ఇవ్వాలి, అంతే. ఆ ఇంజెక్షను ఖరీదైనదీ కాదు, అరుదైనదీ కాదు. నా కోపమంతా అక్కడే ఉంది.

ఇంత సులభమైన మందున్న జబ్బు ఎందుకు తప్పిపోతుందంటే, కళ్ళు, నడక, మతి ఈ మూడూ ఒకేసారి తప్పే రోగులు తక్కువ. ఉన్న లక్షణాలు కూడా అచ్చం తాగినవాడి వాలకంలాగే కనిపిస్తాయి. చనిపోయినవారి మెదళ్ళను పరీక్షించినప్పుడు బయటపడ్డ కేసులే, బతికుండగా గుర్తించిన వాటికన్నా ఎక్కువ. ఆస్ట్రేలియాలో ఈ జబ్బును దృష్టిలో పెట్టుకునే 1991 నుంచి రొట్టెల పిండిలో థయామిన్ కలపడం తప్పనిసరి చేశారు.

ఆసుపత్రి వరండాలో కూర్చుని ఫోనులో చదువుతుండగా నన్ను నిటారుగా కూర్చోబెట్టిన సంగతి ఒకటుంది. థయామిన్‌ను మొట్టమొదట కృత్రిమంగా తయారుచేసిన అమెరికన్ రసాయనవేత్త రాబర్ట్ విలియమ్స్ 1886లో మా నెల్లూరులోనే పుట్టాడు. తల్లిదండ్రులు బాప్టిస్టు మిషనరీలు. తరువాత మనీలాలో తవుడు సారంతో బెరిబెరి రోగులకు చికిత్స చేయడంతో అతడి అన్వేషణ మొదలై, 1936లో ఆ విటమిన్ తయారీతో ఫలించింది. బెరిబెరి కూడా థయామిన్ లోపమే, మెదడుకు బదులు కాళ్ళ నరాలనూ గుండెనూ పట్టుకుంటుంది. అది మనకు పరాయి జబ్బు కాదు. నెల్లూరుకు ఉత్తరాన ఉన్న సర్కారు జిల్లాలు ఒకప్పుడు ఈ జబ్బుకు పేరుబడ్డవి. మాల్కంసన్ అనే వైద్యుడు 1835లోనే దాని మీద మద్రాసులో పుస్తకం ప్రచురించాడు. హైదరాబాదు తార్నాకలో ఇప్పుడున్న జాతీయ పోషకాహార సంస్థ కూడా 1918లో కూనూరులో, బెరిబెరి విచారణ కోసం ఒక్క గదిలో మొదలైనదే. ధాన్యాన్ని నానబెట్టి ఆవిరి పట్టి ఆ తరువాత దంచే ఉప్పుడు బియ్యంలో పైపొర విటమిన్ గింజలోకి ఇంకుతుంది. మర పట్టి తెల్లగా పాలిష్ చేసిన పచ్చి బియ్యంలో అది తవుడుతో గేదెలకు పోతుంది. ఉప్పుడు బియ్యం జ్వరం తిండి అని మా ఇంట్లో మూతి విరిచేవాళ్ళు, నేనూ వాళ్ళలో ఒకడిని.

చిన్నాన్నకు నరం ద్వారా రోజుకు వందల మిల్లీగ్రాముల థయామిన్ ఇచ్చారు, నోటి ద్వారా ఎంత మింగినా పేగులు ఒకసారికి పీల్చుకునేది కొద్ది మిల్లీగ్రాములే. దానికి తోడు మెగ్నీషియం ఎక్కించారు, అది లేకపోతే థయామిన్ పని చేయదట. రెండు రోజుల్లో కనుగుడ్లు మళ్ళీ పక్కలకు కదిలాయి. వారంలో కర్ర పట్టుకుని నిలబడ్డారు. తిరిగి రానిది జ్ఞాపకం. అప్పుడు మొదలయ్యాయి ఆ నెల్లూరు కథలు.

దీనిని కోర్సకోఫ్ సిండ్రోమ్ అంటారు, ఆ పేరు గల రష్యన్ వైద్యుడు 1887లో దీని గురించి రాశాడు. కొత్తగా జరిగినది ఏదీ మనసులో నిలవదు, బాగా పాతవి చాలావరకు మిగులుతాయి. నిన్న ఏమైందని అడిగితే అక్కడ ఖాళీ ఉంటుంది. మెదడు ఆ ఖాళీని ఎప్పటిదో నిజమైన జ్ఞాపకంతో పూడ్చి, అదే నిన్నటిదని తానే నమ్ముతుంది. పెద్దత్త చేపల పులుసు నిజం. మూలాపేట స్నేహితుడూ నిజమే. తప్పిందల్లా తేదీ. మోసగించే ఉద్దేశం లేనిచోట అబద్ధం ఎక్కడుంటుందని వైద్యురాలు చెప్పినప్పుడు, చిన్నమ్మ చాలాసేపు తన చేతి గాజులు తిప్పుకుంటూ కూర్చుంది.

వేసవిలో ఒక శనివారం హోసూరు రోడ్డులో, మానసిక, నాడీ వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ సంస్థ మెదడు మ్యూజియానికి వెళ్ళాను. అక్కడ భద్రపరచిన మనిషి మెదడును తొడుగులు వేసుకుని చేతుల్లోకి తీసుకోవచ్చు. అనుకున్నదానికన్నా బరువుగా, ఫార్మలిన్ ఘాటుతో చల్లగా ఉంది. మామిలరీ బాడీస్ ఎక్కడుంటాయని అడిగితే, వివరిస్తున్న ఆవిడ దానిని తిరగేసి అడుగున వేలు పెట్టి చూపించారు. బఠాణీ గింజలంత రెండు బుడిపెలు, చిన్నాన్న తలలో అవి ఇంకా కుంచించుకుపోయి ఉంటాయి. నేను వాటి మీద వేలు పెట్టలేకపోయాను.

ఇప్పుడు ఆయన మళ్ళీ షాపులో కూర్చుంటున్నారు. చేతులు నేర్చుకున్న విద్యకు వేరే దారి ఉన్నట్టుంది, కాలరు కత్తిరింపులో ఇప్పటికీ నూలు వాసి తేడా రాదు. ఎవరి చొక్కా కుడుతున్నారో మాత్రం గుర్తుండదు కాబట్టి, ప్రతి గుడ్డకూ పేరు రాసిన చీటీని చిన్నమ్మ గుండుసూదితో గుచ్చి ఉంచుతుంది. తాగాలన్న కోరిక రోజూ వస్తుంది, నిన్న అడిగి కాదనిపించుకున్న సంగతి గుర్తుండదు గనుక ప్రతి రోజూ కొత్తగా అడుగుతారు. మధ్యాహ్నం ఇస్త్రీ బండి పెద్దాయన "ఊట ఆయ్తా?" అంటారు. చిన్నాన్న "ఆయ్తు" అంటారు, నిజంగానే అలా నమ్మి. చిన్నమ్మ లేచి క్యారియరు మూత తీసి చూస్తుంది.