నాన్న, నేను, తడిసిన ట్రాకు

మే నెలాఖరులో నాన్న ఒంగోలు నుంచి మా ఇంటికి వచ్చారు. మేముండేది అమెరికాలో, నార్త్ కరోలినాలోని బర్లింగ్టన్. ఆయన ఆర్టీసీ డిపోలో ముప్పై నాలుగేళ్ళు మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. పది రోజులకే ఇల్లు జైలైపోయింది. పదకొండో రోజు సాయంత్రం పక్కింటి గరాజ్‌లోంచి స్పానర్ల చప్పుడు వినపడితే చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. గంట తర్వాత తిరిగొచ్చి, "అమ్మాయ్, వాళ్ళు కొత్త టైర్లు కొన్నారు. ఒక్క గాడి కూడా లేదు. గుండు టైర్లు! డబ్బు పెట్టి మరీ కొన్నారు!" అన్నారు.

ఆ కారు పక్కింటాయన మేనల్లుడిది. విన్‌స్టన్-సేలంలో బోమన్ గ్రే స్టేడియం అని ఉంది, అక్కడ వేసవిలో శనివారం రాత్రిళ్ళు రేసులు. ఆ అబ్బాయి అక్కడి కార్ల తరగతుల్లో స్పోర్ట్స్‌మన్ అనేదాంట్లో నడుపుతాడు. మమ్మల్నీ రమ్మన్నారు. పదకొండేళ్ళుగా ఇక్కడుంటున్నా నేనెప్పుడూ వెళ్ళలేదు. మా ఆయన "చెవుల్లో దూది పెట్టుకెళ్ళండి" అని ఊరుకున్నారు.

మొదటి శనివారం బయల్దేరాం. ఐ-40 హైవే మీద నలభై నిమిషాలు నడిపాక ఆకాశం నల్లబడింది. కార్ల పార్కింగ్‌లో కూర్చుని డబ్బాలో తెచ్చిన పులిహోర తిన్నాం. అద్దాల మీద వాన దరువు. తొమ్మిది గంటలకి రద్దని చెప్పారు. "వేసవన్నావు కదే! ఇది వేసవా, తొలకరా?" అన్నారు నాన్న. ఒంగోల్లో ఆ నెలలో చినుకు కోసం మొగం వాచి చూస్తారు. ఇక్కడేమో మధ్యాహ్నందాకా ఉడకపోసి, సాయంత్రానికి బ్లూ రిడ్జ్ కొండల వైపు నుంచి మబ్బులు లేచొస్తాయి. ఆ ఏడాది అవి శనివారాలే చూసుకుని వచ్చినట్టు అనిపించింది.

టికెట్ ముక్కలు దాచుకోమన్నారు, మళ్ళీ పనికొస్తాయని. నేను దాచాను. జీన్స్ జేబులో. ఆ జీన్స్ వాషింగ్ మెషిన్‌లో వేశాను. ఉండలు కట్టిన కాగితప్పిండిని చూసి నాన్న ఏమీ అనలేదు. రెండోసారి టికెట్ డబ్బులు మాత్రం ఆయనే ఇచ్చారు.

అసలు వానలో ఎందుకు నడపరో నాకు అప్పటిదాకా తెలీదు. గుండు టైరుకి నేలని పట్టుకునే రబ్బరు ఎక్కువ, అందుకే పొడి ట్రాకు మీద దాన్ని మించింది లేదు. నీళ్ళుంటే గాడి లేదు కాబట్టి నీరు పక్కకి పోదు, టైరు నీటి మీద తేలిపోతుంది. నాస్కార్ అని, ఇక్కడ కార్ల రేసులు నడిపే పెద్ద సంస్థ. వాళ్ళు ఈ మధ్య చిన్న ట్రాకుల కోసం గాడులున్న వాన టైర్లు తెచ్చారు. 2024లో రిచ్‌మండ్‌లో వాళ్ళ పై స్థాయి రేసు వాటి మీదే మొదలైంది. అదంతా పెద్దవాళ్ళ సంగతి. రెంచీలు తిప్పేది బావమరిది, బిల్లు కట్టేది మేనమామ అయిన చోట ఇంకో జత టైర్లు ఎవరు కొంటారు?

రేసు రోజుని ఎలా చదవాలో నిదానంగా నేర్చుకున్నాను. యాప్‌లో "నలభై శాతం" అని ఉంటే దానికి అర్థం లేదు. రాడార్ తీసి, కొండల వైపున్న మౌంట్ ఎయిరీ అనే ఊరి దగ్గర ఏముందో చూడాలి. అక్కడ ఎర్రగా ఉంటే గంటా గంటన్నరలో మన నెత్తిన ఉంటుంది. ఆకుపచ్చ మరకలైతే బయల్దేరొచ్చు, తుంపర పడ్డా ఆరుతుంది. మెరుపుంటే వాన లేకపోయినా పని కాదు. నాస్కార్ పెద్ద పోటీల్లో ఎనిమిది మైళ్ళలోపు పిడుగు పడితే అరగంట ఆపుతారు, మళ్ళీ పడితే ఆ అరగంట మొదట్నుంచీ లెక్క. నాన్నకి రాడార్ మీద నమ్మకం లేదు. ఆయనది కార్తెల లెక్క. "ఆరుద్రలో మొదలైంది, పునర్వసు ఇట్టాగే ఉంటది, పుష్యమిలో తెరిపిస్తది" అనేవారు. కరోలినాకి మన కార్తెలు ఎలా వర్తిస్తాయని నేను నవ్వేదాన్ని. పుష్యమిలో నిజంగానే రెండు శనివారాలు తెరిపి ఇచ్చింది. ఆ తర్వాత నవ్వడం మానేశాను.

ఆ రెండింట్లో మొదటి రాత్రి స్టేడియం సరిగా చూశాం. మధ్యలో ఫుట్‌బాల్ మైదానం, దాని చుట్టూ పావు మైలు తారు. మలుపుల్లో వాలు దాదాపు లేదు, బల్లపరుపు. 1949 నుంచి ఇక్కడ నాస్కార్ రేసులు జరుగుతున్నాయి, పేరుమోసిన రేసర్ రిచర్డ్ పెట్టీ వందో గెలుపు 1969లో ఇక్కడే. జనం దీన్ని ముద్దుగా 'పిచ్చాసుపత్రి' అంటారు, మొదటి చిన్న రేసు (హీట్) చూస్తే ఆ పేరు ఎందుకో తెలిసిపోతుంది. టిమ్ బ్రౌన్, బర్ట్ మయర్స్ అని మాడిఫైడ్ అనే పై తరగతి కార్లలో ఇద్దరు మొనగాళ్ళున్నారు, ఒక్కొక్కరికీ పదికి పైగా టైటిళ్ళు. ఒకరి పేరు వినపడితే సగం స్టాండు లేచి అరుస్తుంది, మిగతా సగం ఈలలేసి తిడుతుంది. కోడిపందెం బరి దగ్గర మనవాళ్ళు గుర్తొచ్చారు నాకు.

నాన్నకి మాత్రం ఆ స్టేడియం పేరే నచ్చింది. బోమన్ గ్రే అంటే ఆర్.జె. రేనాల్డ్స్ సిగరెట్ కంపెనీకి అధ్యక్షుడిగా చేసినాయన. మా తాతది టంగుటూరు దగ్గర వర్జీనియా పొగాకు సేద్యం, బ్యారన్‌లో ఆకు కాల్చే వాసనలో పెరిగారు నాన్న. దార్లో పొగాకు చేను కనపడితే కారు ఆపించేవారు. "ఉరకెత్తింది. కింది ఆకు పండుబారింది చూడు. మనోళ్ళకి వాన లేక, వీళ్ళకి ఎక్కువై" అన్నారు ఓసారి. ఆయన గొంతులో జాలి నిజమైనదే. రేసు రద్దయితే పడే బాధ కంటే అదే ఎక్కువ.

ఆగస్టులో ఒకసారి హికరీ వెళ్ళాం, 1951 నాటి ట్రాకు. ముందు నుంచీ మబ్బు. సాధారణంగా సగం చుట్లు దాటితే వానొచ్చి ఆపినా ఫలితం ఖాయం చేయొచ్చు. అందుకని వెనకున్నవాళ్ళు కూడా సగం లోపే ముందుకు దూసుకెళ్ళాలని చూస్తారు. ఆ టెన్షన్ చూడాలి! సగానికి కాసేపు ముందు నాలుగు కార్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, వాటిని తీసేలోగా వాన దిగింది.

కానీ ఆ రాత్రే నాకు అసలు ఆట అర్థమైంది. వాన వెలిశాక ఎవరూ ఇళ్ళకి పోలేదు. పికప్ బళ్ళు గుండ్రంగా తిరగడం మొదలెట్టాయి, కొన్ని వెనక పాత టైర్లు కట్టి లాగుతూ. పెద్ద ట్రాకుల్లో జెట్ ఇంజన్ ఉన్న బండితో వేడి గాలి కొట్టి ఆరబెడతారు. ఇక్కడ బళ్ళ చక్రాలూ గాలీ ఓపికా. నల్లటి తారు మీద ముందు బూడిద రంగు గీత, అది వెడల్పవుతూ వస్తుంది. ఆరిందనుకున్న చోట పగుళ్ళలోంచి నీళ్ళు మళ్ళీ ఊరతాయి. నాన్న కంచె పట్టుకుని నిలబడి, "ఆ మూడో మలుపులో ఇంకా చెమ్మ ఉంది. ఊరుతోంది" అని ముందే చెప్పారు. అదే చోట ఇంకో పావుగంట పట్టింది. డిపోలో వాన కారే షెడ్డు కింద బస్సులు బాగుచేసిన మనిషి కదా.

మళ్ళీ మొదలయ్యాక ట్రాకు మారిపోయింది. టైర్ల నుంచి తారు మీద పరుచుకున్న రబ్బరంతా వాన కడిగేసింది, పట్టు లేదు. అంతదాకా ముందున్న కారు జారుతూ వెనక్కి పోయింది. పదో స్థానంలో ఉన్నవాడు మూడోవాడయ్యాడు. ఇంటికి చేరేసరికి రాత్రి రెండయింది.

సీజన్ చివరి శనివారం మళ్ళీ బోమన్ గ్రే. ఆ అబ్బాయికి ఆ వేసవిలో సరిగ్గా నడిచిన రేసులు తక్కువే. పోయినవాటిని సెప్టెంబరుకి జరుపుదామంటే వీల్లేదు. మైదానం విన్‌స్టన్-సేలం స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకి కావాలి. ఆ రాత్రి ఏడుకి తుంపర, ఎనిమిదిన్నరకి ఆరింది, పచ్చ జెండా పడింది. మనవాడు ఆరో స్థానంలో వచ్చాడు, బంపరు ఒకవైపు వేలాడుతూ. నాన్న కార్లు బాగుచేసుకునే పిట్‌లోకెళ్ళి కారు కిందికి వంగి చూసి, ఏదో చెయ్యి చూపించి తెలుగులోనే చెప్పారు. వాళ్ళకి అర్థమైంది. బోల్టు బిగించారు.

స్టాండులో మా కాళ్ళ దగ్గర పడ్డ రబ్బరు ముక్కొకటి ఆయన జేబులో వేసుకున్నారు. సూట్‌కేస్‌లో ఆవకాయ ఖాళీ సీసా పక్కన పెట్టుకుని తీసుకెళ్ళారు.

ఆయన వెళ్ళిన తర్వాతి శనివారం ఉదయం లేచి అలవాటుగా రాడార్ తీశాను. మౌంట్ ఎయిరీ నుంచి బర్లింగ్టన్ దాకా ఒక్క మరక లేదు.