నసావులో పొట్టి పాయింట్ గార్డ్

ఆగస్టులో బహామాస్ వెళ్తానంటే తెలిసినవాళ్ళెవరైనా వద్దనే అంటారు. తుపాన్ల కాలం. పైగా చొక్కా ఒంటికి అతుక్కుపోయే ఉక్క. హోటళ్ళ రేట్లు తగ్గేది అందుకే. డల్లాస్‌లో ఉండే మా బావకి ఫోన్ చేసి ఆ తగ్గిన రేట్ల గురించే చెప్పాను. బాస్కెట్‌బాల్ ఊసు మాత్రం మయామీలో విమానం మారేదాకా ఎత్తలేదు.

"అంటే బీచ్ అని చెప్పి హాల్లో కూర్చోబెడతావన్నమాట" అన్నాడు బావ.

"రోజుకి రెండు గంటలే కదా బావా."

"మీ అక్కతో నువ్వే చెప్పుకో."

ఇది 2014 మాట. నేనప్పుడు కెంటకీలోని లెక్సింగ్టన్‌లో ఉద్యోగం చేసేవాణ్ణి. ఆ ఊళ్ళో యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టంటే పిచ్చి. వాళ్ళ సొంత హాలు రప్ అరీనాలో అప్పట్లో 23 వేల మందికి పైగా పట్టేవారు, అయినా మంచి సీటు దొరకడం గగనం. అదే జట్టు ఆ ఆగస్టులో బహామాస్ రాజధాని నసావులో మ్యాచ్‌లు ఆడబోతోంది, అక్కడైతే చిన్న హాల్లో, కుర్రాళ్ళు ఒకరినొకరు పిలుచుకునే మాటలు వినిపించేంత దగ్గర్నుంచి చూడొచ్చు. నేను బయల్దేరడానికి అదొక కారణం. రెండోది టైలర్ యూలిస్.

యూలిస్ అప్పుడే కాలేజీలో చేరాడు. ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. మన దగ్గర అదేం పొట్టి కాదు గానీ ఆ ఆటలో పొట్టే. అతనాడేది పాయింట్ గార్డ్‌గా, అంటే బంతి తెచ్చి ఆట నడిపించేవాడిగా. అతని కంటే ముందున్న పాయింట్ గార్డ్ ఆండ్రూ హారిసన్ 6 అడుగుల 6 అంగుళాలు ఉంటాడు, నాలుగు నెలల కిందటే జట్టుని జాతీయ ఫైనల్ దాకా నడిపించాడు. అతను ఎన్‌బీఏకి, అంటే అమెరికా ప్రొఫెషనల్ లీగ్‌కి, వెళ్ళకుండా ఇంకో ఏడాది కాలేజీలోనే ఉంటానన్నాక కొత్త కుర్రాడికి మామూలుగా మిగిలేది బెంచీయే. కాకినాడలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు సిమెంటు కోర్టు మీద నేనూ పాయింట్ గార్డ్‌గానే ఆడాను, ఎత్తులో యూలిస్ కన్నా తక్కువే. కాబట్టి నా పక్షపాతం ఎటువైపో ముందే చెప్పేస్తున్నాను.

కాలేజీ జట్లు ఇలా విదేశాలకి ఎప్పుడు పడితే అప్పుడు వెళ్ళడానికి లేదు. కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ నియమం ప్రకారం నాలుగేళ్ళకోసారే. ఆ టూరుకి ముందు పది రోజులు అదనంగా ప్రాక్టీసు చేసుకోనిస్తారు. బీచ్‌లూ సెల్ఫీలూ, జట్టు కలిసిపోవడం, ఇవన్నీ పేపర్లలో వస్తాయి. కోచ్‌లకి కావలసింది ఆ పది రోజులు. అక్టోబరులో మొదలుకావలసిన చదువు కొత్త కుర్రాళ్ళకి జులై ఆఖర్లోనే మొదలైపోతుంది.

నసావులో బళ్ళు మనలాగే రోడ్డుకి ఎడమపక్కన నడుస్తాయి, కానీ చాలావాటికి అమెరికా బళ్ళలాగా స్టీరింగూ ఎడమపక్కనే. ముందు సీట్లో కూర్చున్న బావ ఓవర్‌టేక్ చేసిన ప్రతిసారీ కాళ్ళు బిగబట్టాడు. డబ్బు మార్చుకునే గొడవ లేదు, బహామాస్ డాలరూ అమెరికా డాలరూ సమానమే. మా అక్కకి బాగా నచ్చింది అక్కడి అన్నం. పీస్ అండ్ రైస్ అంటే బఠాణీలనుకుంది, తీరా చూస్తే కందులు. టమాటా, ఉల్లిపాయ, కొంచెం కారం వేసి కందులతో కలిపి వండిన అన్నం. సాధారణంగా అందులో పంది మాంసం ముక్కలు పడతాయి కాబట్టి మా బావలాంటివాళ్ళు ముందే అడిగి తెలుసుకోవాలి.

ఇక మ్యాచ్‌లు. వారం చుట్టుపక్కల ఆరు. ప్రత్యర్థులు మూడు జట్లు: ప్యూర్టో రికో రిజర్వ్ జట్టు, ఫ్రాన్స్ నుంచి వచ్చిన షాంపేన్ షాలోన్-రాన్స్ అనే క్లబ్బు, డొమినికన్ రిపబ్లిక్ జాతీయ జట్టు. డొమినికన్ జట్టు ఆ నెలాఖర్లో స్పెయిన్‌లో మొదలయ్యే ప్రపంచ కప్‌కి తయారవుతోంది. ఈ ఆటతోనే ఇల్లు నడుపుకునే పెద్ద మగాళ్ళు వాళ్ళు. పద్దెనిమిదేళ్ళ పిల్లలు అడ్డొస్తే సారీ చెప్పరు.

హెడ్ కోచ్ జాన్ కాలిపారి బెంచీ మీద కూర్చోలేదు. మ్యాచ్‌లు అసిస్టెంట్లకి అప్పజెప్పి దూరంగా కూర్చుని చూశాడు. ఇద్దరు పొడగరులు, విల్లీ కాలీ-స్టైన్, ట్రే లైల్స్, గాయాల వల్ల ఆడలేదు. మిగిలిన పదిమందిని ఐదుగురేసి రెండు బృందాలు చేసి, ఒకరిద్దర్ని కాకుండా ఐదుగుర్నీ ఒకేసారి మార్చడం మొదలెట్టారు. టీవీలో చూసేవాళ్ళకి అది గమ్మత్తు. పక్కన కూర్చున్న బావకైతే పూర్తిగా అయోమయం. "ఇందాకటి వాళ్ళందరూ ఏరి? ఫౌల్ చేశారా?" అని అడిగాడు.

నేను మాత్రం యూలిస్‌నే చూస్తున్నాను. హారిసన్ అలిసిపోయినప్పుడు నాలుగు నిమిషాలు ఆడించే కుర్రాడిగా అయితే అతను వేరేవాళ్ళ జట్టులోకి అడుగుపెట్టినట్టుండేది. అప్పటికే ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరికి బంతి కావాలో తేలిపోయి ఉంటుంది. కొత్తవాడు తప్పు చేయకుండా బంతిని పక్కవాడికి ఇచ్చేసి బతికిపోతాడు. ఇక్కడ అలా కాదు. అతనితోపాటు దిగిన నలుగురికీ అతనే పాయింట్ గార్డ్. వాళ్ళని నిలబెట్టినా అతనే, తిట్టినా అతనే. చేరి రెండు నెలలైనా కాని పిల్లవాడి చేతిలో సొంత జట్టు పెట్టారు.

పైగా ఆట అంతర్జాతీయ నియమాల మీద నడిచింది. అప్పట్లో అమెరికా కాలేజీ ఆటలో షాట్ కొట్టడానికి 35 సెకన్లు ఉండేవి, ఇక్కడ 24. బంతిని సగం కోర్టు దాటించడానికి కాలేజీలో 10 సెకన్లు, ఇక్కడ 8. కాగితం మీద చిన్న తేడాలే. కానీ పాయింట్ గార్డ్‌కి ప్రపంచమే మారిపోతుంది. కాలేజీలో బంతి తెచ్చి, బెంచీ వైపు చూసి, కోచ్ వేళ్ళు చూపిస్తే ఆ వ్యూహం ఆడించి, అది పాడైతే రెండోది మొదలెట్టడానికి టైముండేది. ఇక్కడ బెంచీ వైపు చూసే లోపలే సగం గడియారం అయిపోతుంది.

నన్ను బాగా ఆలోచింపజేసింది టైమౌట్, అంటే కాసేపు ఆట ఆపించడం. కాలేజీ ఆటలో ఇద్దరు చుట్టుముట్టి బంతి లాక్కోబోతుంటే కుర్రాడు చేతులతో టైమౌట్ సైగ చేసి గండం గట్టెక్కుతాడు. అంతర్జాతీయ ఆటలో ఆటగాడికి ఆ హక్కు లేదు. కోచ్ మాత్రమే అడగాలి, అదీ ఆట ఆగినప్పుడే ఇస్తారు. అంటే 5 అడుగుల 9 అంగుళాల కుర్రాడు ఇద్దరు భారీ మనుషుల మధ్య ఇరుక్కుంటే బయటపడే దారి అతనే వెతుక్కోవాలి. యూలిస్ దానికి చేసింది చాలా మామూలు పని: ఇరుక్కునే చోటికి వెళ్ళకపోవడం. సైడ్‌లైన్ దగ్గరికి నెట్టబోతే ఒకడుగు వెనక్కి వేసి, బంతిని రెండో చేతికి మార్చి, ముందున్నవాడికి అప్పుడే పాస్ ఇచ్చేసేవాడు. తలెత్తే ఉండేది ఎప్పుడూ. మా సిమెంటు కోర్టు మీద మా సారు గొంతు పోయేలా చెప్పిందీ ఇదే, మాకెవరికీ రాలేదు.

డిఫెన్స్‌లో అయితే బంతి అవతలివాళ్ళ చేతికి వచ్చిన చోటు నుంచే అంటుకుపోయేవాడు. కోర్టు పొడవునా అలా వెంటపడితే స్క్రీన్లు తగులుతాయి. బండల్లాంటి మనుషులు దారిలో నిలబడతారు. తగిలి పడ్డ ప్రతిసారీ లేచి, వెనకున్న పొడుగువాళ్ళ మీద అరిచేవాడు: స్క్రీన్ వస్తోందని నాకు ముందే చెప్పండిరా అని. మాటలు నాకు పూర్తిగా అందలేదు గానీ చెయ్యి చూపిస్తున్న తీరు చూస్తే ఇంకేమీ అయ్యుండదు. బావ నవ్వాడు. "ఆ పొట్టోడికి అంత పొగరేంట్రా?"

"అతనే కదా బావా ఆడించేది."

"ఆ ఏడడుగులోడు కిక్కురుమనకుండా వింటున్నాడే!"

బావ అన్న ఏడడుగులోడు బహుశా కార్ల్-ఆంథొనీ టౌన్స్ కావచ్చు. ఆ టూరులో అతనిదో విచిత్రం. వాళ్ళమ్మగారిది డొమినికన్ రిపబ్లిక్, కాలిపారి ఆ దేశం జట్టుకి కోచ్‌గా ఉన్నప్పుడు టౌన్స్ హైస్కూలు వయసులోనే ఆ జట్టుకి ఆడాడు. ఇప్పుడు వాళ్ళమీదే ఆడుతున్నాడు. ఆ డొమినికన్ జట్టు కోచ్ ఓర్లాండో అంటిగ్వా ఏమో మొన్నమొన్నటిదాకా కెంటకీలో అసిస్టెంట్. అందుకే కాబోలు, ఆరు మ్యాచ్‌లలో కెంటకీ ఓడింది ఒక్కటే, అదీ వాళ్ళ చేతిలోనే. నిజం చెప్పాలంటే మిగతా గెలుపుల్లో సగం నాకు గుర్తులేవు. గుర్తున్నది డొమినికన్లతో ఆడిన ఆటే. అనుభవం ఉన్నవాళ్ళు తాము పరిగెత్తకుండానే అవతలివాళ్ళని ఎలా అలిసిపోయేలా చేస్తారో అక్కడ తెలిసింది.

మ్యాచ్ లేనప్పుడు పారడైజ్ ఐలాండ్ వంతెన కింద పాటర్స్ కే అనే చోటికి వెళ్ళాం. చెక్క దుకాణాల వరస. శంఖాన్ని పగలగొట్టి లోపలి మాంసం తీసి, మన కళ్ళముందే సన్నగా తరిగి, ఉల్లిపాయ, టమాటా, పచ్చి మిరప, నిమ్మరసం కలిపి ఇస్తారు. ఉడకబెట్టేదేమీ ఉండదు. అక్క ఒక్క స్పూనుతో ఆపేసింది. నేను రెండు డబ్బాలు తిన్నాను. ఆ రోజు శనివారం కావడంతో బావ పక్కకి తిరిగి నిలబడి కోక్ తాగాడు.

తిరుగు ప్రయాణంలో అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ రెండూ నసావు విమానాశ్రయంలోనే పూర్తవుతాయి, మయామీలో దిగి నేరుగా నడిచిపోవడమే. క్యూలో నీలం టీషర్టుల కెంటకీ అభిమానులే ఎక్కువ. అందరూ టౌన్స్ గురించే మాట్లాడుతున్నారు.

ఆ సీజన్‌లో కెంటకీ వరసగా 38 మ్యాచ్‌లు గెలిచి, 2015 ఏప్రిల్ 4న విస్కాన్సిన్ చేతిలో 71-64 తేడాతో ఓడింది. డిసెంబరులో అలెక్స్ పోయ్‌త్రెస్ మోకాలికి గాయమయ్యాక రెండు బృందాల పద్ధతి సడలిపోయింది గానీ, యూలిస్‌కి బహామాస్‌లో దొరికిన చోటు పోలేదు. హారిసన్ వెళ్ళిపోయాక జట్టంతా అతనిదే. 2015-16లో మ్యాచ్‌కి సగటున 17.3 పాయింట్లు, 7 అసిస్టులు (తోటివాడు బుట్టలో వేయడానికి ఇచ్చిన పాస్‌లు). దేశంలో ఉత్తమ పాయింట్ గార్డ్‌కి ఇచ్చే బాబ్ కూసీ అవార్డు, కెంటకీ ఆడే జట్ల సమూహంలో, అంటే తన కాన్ఫరెన్స్‌లో, ఉత్తమ ఆటగాడూ ఉత్తమ డిఫెండరూ రెండూ అతనే. ఇంత చేసినా, ఎన్‌బీఏ జట్లు కొత్త కుర్రాళ్ళని వరసగా ఎంచుకునే 2016 డ్రాఫ్ట్‌లో ఫీనిక్స్ అతన్ని 34వ స్థానంలో గానీ తీసుకోలేదు. ఎత్తు గురించి కోపమొస్తే నాకు ఇప్పటికీ మాట ఆగదు, కాబట్టి ఇక్కడ ఆపుతాను.

నాలుగేళ్ళు గడిచి 2018 ఆగస్టులో కెంటకీ మళ్ళీ బహామాస్‌కే వెళ్ళింది. ఈసారి కొత్త పాయింట్ గార్డ్‌లు యాష్టన్ హేగన్స్, ఇమ్మాన్యుయేల్ క్విక్లీ. టికెట్ల సంగతి ముందు చెప్పింది బావే. "శనివారం మాత్రం నసావులో ఉండకుండా చూడు" అన్నాడు.