బేస్‌మెంట్ పడకగదికి రెండో దారి

అమెరికాలో బేస్‌మెంట్‌ను గదులుగా మార్చుకున్న పాత ఇళ్లలో చాలావాటికి పైకి వెళ్లే మెట్లు ఒక్కటే దారి. ఆ మెట్ల దగ్గరో, పైన వంటగదిలోనో మంటలు చెలరేగితే కింద నిద్రిస్తున్నవారికి బయటపడే మార్గమే ఉండదు. గోడలు, కార్పెట్ అన్నీ పూర్తయి ఉన్న మా కింది గదిని అమ్మానాన్నలు వచ్చినప్పుడు పడుకునే గదిగా మార్చాలనుకున్నప్పుడు, మంచం కంటే ముందు, ప్రమాదంలో రెండో దారిగా పనికొచ్చే కిటికీ సంగతి తేల్చాలని నిశ్చయించుకున్నాను.

అక్కడ అత్యధిక రాష్ట్రాలు ఆధారంగా తీసుకునే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ ప్రకారం, నేలమట్టానికి దిగువన ఉన్న ఇలాంటి కిటికీని పూర్తిగా తెరిచినప్పుడు ఏర్పడే ఖాళీ కనీసం 5 చదరపు అడుగులు ఉండాలి. ఆ ఖాళీ ఎత్తు 24 అంగుళాలకు, వెడల్పు 20 అంగుళాలకు తగ్గకూడదు. దాని కింది అంచు గది నేల నుంచి 44 అంగుళాలకు మించి పైన ఉండకూడదు. చాలామంది పొరబడేది ఇక్కడే. 20 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు కలిస్తే వచ్చేది దాదాపు 3.3 చదరపు అడుగులే. వెడల్పు 20 అంగుళాలే అయితే ఎత్తు 36 అంగుళాలు కావాలి. పైగా ఈ కొలత ఫ్రేముది కాదు, మనిషి దూరగలిగే ఖాళీది. పక్కకు జరిపే కిటికీలో సగమే తెరుచుకుంటుంది కాబట్టి, తలుపులా మొత్తం బయటికి తెరుచుకునే కేస్‌మెంట్ కిటికీయే ఇలాంటి గదికి సరైనదని నా అభిప్రాయం. ఆ దారిన లోపలివారు బయటికి రావడమే కాదు, వీపున గాలి సిలిండర్ మోస్తున్న అగ్నిమాపక సిబ్బంది లోపలికి కూడా రాగలగాలి.

అప్పటికే చిన్న కిటికీ ఉన్న చోట వెడల్పు పెంచకుండా కిందికి మాత్రమే కోయించడం మేలు. అప్పుడు పైనున్న లింటెల్‌ను కదిలించనక్కరలేదు. వెడల్పు పెంచితే మాత్రం పై అంతస్తు బరువు ఆ గోడ మీద ఎలా పడుతోందో ఇంజనీరు చూసి చెప్పాలి. పూర్తయిన గదిలో డ్రైవాల్ (గోడకు లోపలివైపు బిగించే జిప్సం పలకలు) వెనుక కరెంటు తీగలు ఉండవచ్చు కనుక ముందు ఆ భాగం విప్పి చూడాలి. కాంక్రీటు కోసేటప్పుడు లేచే సిలికా ధూళి ఊపిరితిత్తులకు హానికరం. నీళ్లు పోస్తూ కోయించడం, మిగిలిన గదిని ప్లాస్టిక్ షీట్లతో మూసివేయడం తప్పనిసరి. పర్మిట్ సంగతి చెప్పనక్కరలేదు, అది లేకుండా రంపం తాకించకూడదు.

నేలమట్టానికి దిగువన ఉన్న కిటికీ తెరుచుకోవడానికి, అందులోంచి పైకి రావడానికి బయట తవ్వే గుంత విషయంలో నేను ఎక్కువ పట్టుబట్టాను. తవ్వే ముందు 811కు ఫోన్ చేస్తే భూమిలోని గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో గుర్తు పెట్టి వెళతారు. గుంత వైశాల్యం కనీసం 9 చదరపు అడుగులు, పొడవు వెడల్పులు 36 అంగుళాల చొప్పున ఉండాలి. లోతు 44 అంగుళాలు దాటితే స్థిరమైన నిచ్చెన అమర్చాలి. అడుగున కంకర పరిచి, అందులో పడే వాన నీటిని పునాది చుట్టూ ఉన్న డ్రైన్ పైపులోకి మళ్లించకపోతే, పెద్ద వానకు గుంత నిండి నీరు కిటికీ సందుల్లోంచి గదిలోకి వస్తుంది. ఈ పని మట్టి పూడ్చకముందే జరగాలి, ఎందుకంటే తర్వాత సరిదిద్దాలంటే మళ్లీ అంతా తవ్వవలసిందే. ఆకులూ మంచూ పడకుండా మూత పెట్టవచ్చు గానీ, లోపలి నుంచి తాళంచెవి, పనిముట్టు ఏదీ లేకుండా అది తెరుచుకోవాలి. కిటికీకీ ఇదే నియమం.

పని ముగిశాక కిటికీని తెరిచి చూడవలసింది ఆ గదిలో పడుకోబోయేవారే. గొళ్లెం అమ్మ చేతికి బిగుతుగా ఉందంటే అది ఇన్‌స్పెక్షన్‌లో నెగ్గినా నాకు సరిపోదు.