ట్రంప్ వచ్చిన రోజు మా పాల రైతుల ధర్నా: నా అనుభవం

2020 ఫిబ్రవరి 24న డొనాల్డ్ ట్రంప్ దిగింది అహ్మదాబాద్‌లో. మేం ధర్నాకు పర్మిషన్ అడిగింది విజయవాడలో. స్టేషన్‌లో ఎస్‌ఐ గారు అర్జీ చదివి, "ఆయనెక్కడో గుజరాత్ వస్తుంటే బెజవాడలో మీకేం పనండీ?" అన్నారు. "ఆయన మన దాకా రాడు సార్, వాళ్ల పాలు వస్తాయేమోనని" అన్నాను. నవ్వారు గానీ సంతకం పెట్టలేదు.

కంకిపాడు వైపు పాల రైతుల సంఘానికి అర్జీలు, ప్రెస్ నోట్లు రాసేది నేనే. మా భయం ఊరికే పుట్టింది కాదు. రక్తం, పశువుల అవయవాలు కలిపిన దాణా తిన్న పశువుల పాలు కావని ధ్రువపత్రం చూపిస్తేనే పాల ఉత్పత్తుల్ని రానిస్తామన్నది మన దేశం పెట్టిన షరతు. అది తమకు అడ్డమని అమెరికా పాడి సంఘాలు వాళ్ల ప్రభుత్వానికి ఫిర్యాదు చేశాయి. మన సరుకులకు ఇచ్చే జీఎస్‌పీ సుంకం రాయితీని 2019 జూన్‌లో ట్రంప్ తీసేయడం వెనక ఆ ఫిర్యాదు కూడా ఉంది. ఇక ఆయన వస్తున్నాడు, వాణిజ్య ఒప్పందం ఉంటుందా ఉండదా అని పేపర్ల నిండా రాస్తుంటే, రెండు గేదెల మీద బతికే ఇంట్లో టెన్షన్ ఉండదా?

అప్పుడు రాజధాని ఉద్యమం నడుస్తోంది. నలుగురు కూడితే చాలు, పోలీసులు ఉలిక్కిపడేవాళ్లు. ఏ టేబుల్ దగ్గరకెళ్లినా "సెక్షన్ 30 ఉందండీ" అన్నదే మాట. అంటే పోలీసుల అనుమతి లేకుండా సభలు, ఊరేగింపులు కుదరవని. చోటు, టైము, ఎంతమంది వస్తారు, మైకు ఉందా, బాధ్యులెవరు, వాళ్ల ఆధార్ జిరాక్సులు... అన్నీ ఇచ్చాక పై ఆఫీసు నుంచి రావాలన్నారు. ర్యాలీ అన్న ముక్క కొట్టేశాక ఫైలు కదిలింది. అలంకార్ సెంటర్ దగ్గర ధర్నా చౌక్‌లో, పొద్దున ఓ గంట. ఊరేగింపు లేదు, దిష్టిబొమ్మ తగలబెట్టకూడదు. హామీ పత్రం రాసిచ్చాం. ముద్ర పడిన కాగితం చేతికొచ్చేసరికి ఆదివారం చీకటి పడింది.

దిష్టిబొమ్మ లేకపోతే మాకు పోయేదేం లేదు. మీడియాకు మాత్రం అదే వార్త. కెమెరా పట్టుకొచ్చిన కుర్రాడు చుట్టూ చూసి, "బొమ్మ లేదా అన్నా? పోనీ ఆ పాలు రోడ్డు మీద పొయ్యండి, విజువల్ బాగుంటుంది" అన్నాడు. మాతో వచ్చిన పెద్దావిడ ఊరుకోలేదు. "తెల్లారుజామున లేచి పిండుకున్న పాలు నాయనా. నీ ఫొటో కోసం నేలపాలు చెయ్యమంటావా?" అంది. మేం ముందే మజ్జిగ చేసి తెచ్చుకున్నాం, అదే దారిన పోయేవాళ్లకు పంచాం. బందోబస్తు కానిస్టేబుళ్లూ తాగారు.

అదే కుర్రాడు మైకు ఆవిడ ముందే పెట్టాడు. ట్రంప్‌కి ఏం చెప్తారమ్మా అంటే, "ఆయన సంగతి తర్వాత. ముందు ఇక్కడ కిలో వెన్నకు ఎంతిస్తున్నారో కనుక్కో" అంది. పాలలో ఉన్న వెన్నను బట్టే మాకు డబ్బులు. నన్నడిగితే ఆ రోజు మాట్లాడిన వాళ్లందరిలో విషయం చెప్పింది ఆవిడే. ఆ ముక్క టీవీలో రాలేదు.

ఎలా వస్తుంది? మధ్యాహ్నం నుంచి ఏ చానల్ పెట్టినా అహ్మదాబాద్‌లో ట్రంప్ సభ జరిగిన మొతేరా స్టేడియమే. తనకు స్వాగతం చెప్పడానికి 70 లక్షల మంది వస్తారని ఆయన ముందే చెప్పుకున్నాడు, స్టేడియంలో పట్టేది లక్షకు కాస్త పైగా. వివేకానందుడి పేరు దగ్గర ఆయన నాలుక మడతపడింది, దాన్ని తిప్పి తిప్పి చూపించారు. అదే రోజు ఈశాన్య ఢిల్లీ తగలబడుతోంది. ఆ అల్లర్లలో 50 మందికి పైగా చనిపోయారు. అలాంటి వార్తకే చోటు వెతుక్కోవాల్సి వచ్చిన రోజున మా మజ్జిగ ఎంత!

మర్నాడు ఒక పేపర్ సిటీ పేజీలో సింగిల్ కాలమ్ వచ్చింది. "ట్రంప్ గో బ్యాక్" అని నినాదాలు చేశామట. మేం ఆ నినాదమే ఇవ్వలేదు. ధ్రువపత్రం గురించి నేను రాసిన పేరా మొత్తం డెస్క్‌లో ఎగిరిపోయింది, పాల్గొన్నవాళ్ల పేర్లు మాత్రం ఒక్కటి కూడా పోలేదు. పేరు కోస్తే మర్నాడు విలేకరికి ఫోన్లొస్తాయి, విషయం కోస్తే ఎవరు చేస్తారు? ఇంకో పేపర్ ఫొటో వేసి, కింద "ధర్నా చౌక్‌లో మజ్జిగ పంపిణీ" అని రాసింది.

రెండు రోజుల పర్యటన అయ్యేసరికి 300 కోట్ల డాలర్ల రక్షణ ఒప్పందం, అందులో హెలికాప్టర్లు, ఖరారయ్యాయి. వాణిజ్య ఒప్పందం కుదరలేదు. డెస్క్ ఎగరగొట్టిన పేరా నా కంప్యూటర్‌లో అలాగే ఉంది. ఈసారి ఎవరొచ్చినా పేరు, తేదీ మారిస్తే సరిపోతుంది.